నిండు బండి, ఖాళీ బండి

గుంటూరు మిర్చి యార్డుకు మా బాబాయి పికప్‌లో సరుకు వేసుకుని పోయేటప్పుడు నాకు ముందు సీటు దొరికేది. తిరుగు ప్రయాణంలో ఆ సీట్లో ఊళ్లో పెద్దమనిషి ఎవరో ఒకరు సర్దుకునేవారు. నేను వెనక తొట్టిలోకి ఎక్కేవాణ్ణి. పోయేటప్పుడు పాతిక టిక్కీల, అంటే మిర్చి బస్తాల, బరువుతో బండి ఉయ్యాల ఊగినట్టు సాగేది. వచ్చేటప్పుడు అదే రోడ్డు, అవే గుంతలు, అదే బండి. నరసరావుపేట చేరేసరికి మాత్రం నా నడుము నాది కాకుండా పోయేది. ఒకసారి దిగి మొహం ముడుచుకుంటే బాబాయి నవ్వాడు. "నిండుకుండ తొణకదురా అబ్బాయ్. ఖాళీ కుండకే గోలంతా."

ఆయన సామెత చెప్పి ఊరుకున్నాడు గానీ, పికప్ బండి తయారుచేసే ప్రతి ఇంజనీరుకూ నూరేళ్లుగా నిద్రపట్టనివ్వని లెక్క అదే. కారులో నలుగురు ఎక్కినా ఇద్దరు ఎక్కినా తేడా పెద్దగా ఉండదు. పికప్ అలా కాదు. తొట్టిలో వేసిన బరువంతా దాదాపు వెనక ఇరుసు నెత్తినే పడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఇరుసు మీద ఏడెనిమిది వందల కిలోలుంటే, లోడు వేశాక అది రెండింతలు దాటిపోతుంది. రెండింతల బరువుకు సరిపడా గట్టి స్ప్రింగు పెడితే ఖాళీ బండి గంతులేస్తుంది. ఖాళీ బండికి సుఖంగా ఉండే మెత్తటి స్ప్రింగు పెడితే లోడుకు చతికిలబడుతుంది. బ్రేకుదీ ఇదే గొడవ. నిండు బండిని ఆపగలిగే బ్రేకు, ఖాళీ బండి వెనక చక్రాలను ఠక్కున పట్టేసి బండిని గిర్రున తిప్పేస్తుంది. పుస్తకాల్లో స్ప్రింగులది ఒక అధ్యాయం, బ్రేకులది ఇంకో అధ్యాయం. బండి కింద పడుకుని చూస్తే మాత్రం రెండూ ఒకే కథ అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఆ కథలో పనితనం ఎక్కడెక్కడ మెరిసిందో చెప్పాలనే ఈ ప్రయత్నం.

పికప్ పుట్టింది అమెరికాలో. కారు కొన్న రైతులు, వడ్రంగులు దాని వెనక భాగం కోసేసి తామే చెక్కతొట్లు బిగించుకుంటుంటే, ఆ పని ఫ్యాక్టరీలోనే చేసి అమ్ముదామని ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో మోడల్ టి మీద ఉక్కు తొట్టి పెట్టి బజారులోకి దించింది. ధర 281 డాలర్లు. వెనక ఉన్నది ఒకే ఒక్క స్ప్రింగు. అది ఛాసిస్ పొడుగునా కాక, అడ్డంగా, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా విల్లులా వంగి ఉండేది. మన మెకానిక్కులు ఈ పట్టీల స్ప్రింగును కమాను అంటారు. ఫార్సీలో కమాను అంటే విల్లే. పేరు పెట్టినవాడెవడో గానీ, వస్తువును కళ్లారా చూసి పెట్టాడు.

మోడల్ టి విల్లు బరువు మోసేది గానీ బండిని నెట్టే పని దానిది కాదు. చక్రాలు నేలను తన్ని బండిని ముందుకు నెట్టే బలమంతా, డ్రైవ్ షాఫ్టును కప్పి ఉంచే ఉక్కు గొట్టం గుండా, దాని పక్కనున్న రాడ్ల గుండా ముందుకు పోయేది. తరవాతి కాలంలో విల్లు రెండుగా మారి, ఛాసిస్ కిందుగా చెరోవైపున పొడుగ్గా పడుకుంది. రెండో ప్రపంచయుద్ధం తరవాత 1948లో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-1 కింద చూస్తే ఈ అమరికే కనిపిస్తుంది. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే పికప్‌లలో చాలావాటి కిందా అదే ఉంది. ఇంత మొండిగా బతికిన యంత్రభాగాలు ఆటోమొబైల్ చరిత్రలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎందుకు బతికిందో తెలియాలంటే ఈ పట్టీల కట్టను కాస్త దగ్గరగా చూడాలి.

విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ పని చేసే షెడ్లలో నిలబడితే కట్ట విప్పడం చూడొచ్చు. యూ బోల్టులు తీస్తారు. మధ్యలో సెంటర్ బోల్టు కోసి బయటికి కొడతారు. అప్పటిదాకా ఒకే ముక్కలా ఉన్న కట్ట ఝళ్లుమని విడిపోయి పట్టీలు పట్టీలుగా నేల మీద పడుతుంది. అన్నిటికన్నా పొడుగైనది మెయిన్ పట్టీ. దాని రెండు కొసలూ కన్నులా గుండ్రంగా చుట్టి ఉంటాయి, బుష్‌లు కూర్చునేది అందులోనే. దాని కింద కొంచెం పొట్టిది, దాని కింద ఇంకా పొట్టిది. చిన్నప్పుడు నేను అనుకునేవాణ్ణి, ఇనుము ఆదా చేయడానికి ఇలా మెట్లు మెట్లుగా పెట్టారేమోనని. సగం నిజమే. అసలు సంగతి మాత్రం అంతకన్నా అందమైనది.

మధ్యలో పట్టుకుని రెండు కొసల మీదా బరువు వేస్తే ఏ పట్టీకైనా వంపు బాధ మధ్యలోనే ఎక్కువ, కొసల్లో సున్నా. కాబట్టి పట్టీ అంతా ఒకే తీరున శ్రమపడాలంటే అది మధ్యలో వెడల్పుగా, కొసలకు పోయేకొద్దీ సన్నగా, గాలిపటం ఆకారంలో ఉండాలి. అంత వెడల్పాటి గాలిపటం బండి కింద పట్టదు. ఏం చేయాలి? దాన్ని నిలువునా సమానమైన పేలికలుగా కోసి, ఒకదాని కింద ఒకటి పేర్చేయాలి. మధ్య పేలిక అన్నిటికన్నా పొడుగు, అంచుల్లోని పేలికలు పొట్టివి. అదే కమాన్ కట్ట. చాపలా పరవాల్సిన గాలిపటాన్ని చుట్టి చంకలో పెట్టుకున్నట్టు.

ఇంకో కిటుకు విప్పినప్పుడే కనిపిస్తుంది. నేల మీద పడ్డ పట్టీలను పక్కపక్కన పెడితే వాటి వంపు ఒకటి కాదు. పొట్టి పట్టీకి వంపు ఎక్కువ. అంటే కట్ట బిగించినప్పుడు పొట్టి పట్టీల కొసలు పై పట్టీని కిందినుంచి ఎత్తి పట్టుకుంటాయి. బరువు పడకముందే మెయిన్ పట్టీకి ఎదురువైపు కొంత వంపు ఇచ్చి ఉంచుతాయి. లోడు పడ్డాక దానికొచ్చే కష్టంలో అంతమేరా తగ్గుతుంది. పాత ఇంట్లో పెద్దకొడుకు ఒక్కడి మీదే భారం పడకుండా తమ్ముళ్లు ముందే భుజం ఆనించినట్టు. ఈ వంపుల తేడాను మంచి మేస్త్రీ కొలిమి దగ్గర సుత్తి దెబ్బతో తెస్తాడు. పట్టీని దాగలి మీద ఆనించి కొట్టి, పక్కదాని మీద పెట్టి, మధ్యలో ఎంత సందు కనిపిస్తుందో ఒక కన్ను మూసి చూస్తాడు. కొలబద్ద ఉండదు. ఆ సందే ఆయన లెక్క.

పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకోవడం కూడా వృథా కాదు. ఆ రాపిడి బండి ఊగిసలాటను కొంత తినేస్తుంది. షాక్ అబ్జార్బర్లు సరిగా లేని కాలంలో ఆ రాపిడే దిక్కు. దానికి తగ్గ శిక్ష కూడా ఉంది: రాపిడి ఎక్కువైతే చిన్న గుంతలకు కట్ట అసలు కదలదు, దెబ్బ నేరుగా నడుముకే. నా చిన్నతనపు తిరుగు ప్రయాణాల్లో సగం పాపం తుప్పు పట్టిన పట్టీల మధ్య రాపిడిదే అని ఇప్పుడు తెలుస్తోంది.

ఈ కట్ట ఒక్కటే ఎన్ని పనులు చేస్తుందో చూడండి. బరువు మోస్తుంది. ఇరుసు ముందుకూ వెనక్కూ పోకుండా పట్టుకుంటుంది, పక్కలకు జారనివ్వదు. ఇంజను తిప్పే బలాన్నీ బ్రేకు ఆపే బలాన్నీ ఛాసిస్‌కు అందిస్తుంది. ఆ మొత్తాన్నీ ఇరుసు మీద సరైన చోట నిలబెట్టేది వేలెడంత సెంటర్ బోల్టు తలకాయ. అది ఇరుసు మీది గుంటలో కూర్చుంటుంది. యూ బోల్టులు వదులైతే పాపం ఆ చిన్న బోల్టే అన్నీ భరించి భరించి తెగిపోతుంది, ఇరుసు ఒకవైపు వెనక్కి జరుగుతుంది, అప్పుడు బండి రోడ్డు మీద పీతలా ఓరగా నడుస్తుంది. అలాంటి లారీని మీరు హైవే మీద చూసే ఉంటారు.

కట్టకు ఒక బలహీనత ఉంది. ఇంజను గట్టిగా లాగినప్పుడు ఇరుసు తన చుట్టూ తాను మెలిపడి కట్టను పాము మెలికలా వంచుతుంది, వదిలేసినప్పుడు అది తిరిగి కొడుతుంది. ఖాళీ పికప్ బురదలోంచి లాగినప్పుడు వెనక చక్రాలు టకటకా తన్నడం ఇందుకే. దీనికి దొరికిన మందు చూస్తే నవ్వొస్తుంది, అంత తేలిక. రెండు షాక్ అబ్జార్బర్లలో ఒకటి ఇరుసుకు ముందు, రెండోది వెనక పెట్టారు. ఇరుసు ఎటు మెలిపడబోయినా ఒకటి అడ్డం పడుతుంది. చాలా పికప్‌ల కింద ఇవి ఇలా ఎదురుబొదురుగా ఎందుకున్నాయో తెలియక, ఎవరో తప్పు బిగించారనుకునేవాళ్లను నేను చూశాను.

నిండు-ఖాళీ లెక్కకు మొదటి జవాబు కూడా కట్టలోనే పుట్టింది. కట్ట అడుగున, మిగతావాటికి అంటకుండా, దాదాపు వంపు లేని ఒక మందపాటి పట్టీ. ఖాళీగా ఉన్నంతసేపూ అది పనిలోకి రాదు. లోడు పడి పైపట్టీలు చదునైనప్పుడు వాటి కొసలు దాన్ని తాకుతాయి, అప్పుడు అది భుజం కలుపుతుంది. కొన్ని బండ్లలో ఈ సాయం పట్టీలు పైన ఉంటాయి, ఛాసిస్‌కు బిగించిన దిమ్మెలను తాకాకనే మేలుకుంటాయి. ఒకే కట్టలో రెండు స్ప్రింగులన్నమాట. రెండింటి మధ్య మారే క్షణంలో మాత్రం బండి ఒక్కసారి బిగుసుకున్నట్టు తెలుస్తుంది. ఇది మంచి జవాబే, పూర్తి జవాబు కాదు.

ఇక బ్రేకులు. మోడల్ టి పెడల్ తొక్కితే చక్రాల దగ్గర ఏమీ జరగదు. గేరు పెట్టెలోని ఒక డ్రమ్ము చుట్టూ గుడ్డ లైనింగు ఉన్న పట్టా బిగుసుకుంటుంది. ఆ పట్టు షాఫ్టు గుండా, డిఫరెన్షియల్ గుండా వెనక చక్రాలకు చేరుతుంది. దారిలో ఏ ముక్క విరిగినా బ్రేకు లేనట్టే. వెనక చక్రాల్లో చిన్న డ్రమ్ములుండేవి గానీ అవి చేతి లివరుకు, వాటి షూలు లైనరే లేని పోత ఇనుము. కొండదారుల్లో తిరిగేవాళ్లు బయట దొరికే బ్రేకులు కొని బిగించుకునేవారు. ఆ బ్రేకులతో అన్నేళ్లు నడిపినవాళ్ల గుండెధైర్యాన్ని మెచ్చుకోవాలి, పనితనాన్ని కాదు.

1928 మోడల్‌గా వచ్చిన మోడల్ ఏలో నాలుగు చక్రాలకూ బ్రేకులొచ్చాయి, ఉక్కు రాడ్లతో. అప్పటికే ఆయిల్ బ్రేకు బజారులో ఉంది. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది, షెవర్లే 1936లో మారింది. హెన్రీ ఫోర్డ్ మాత్రం పైపులో ద్రవాన్ని నమ్మలేదు. పెడల్ నుంచి చక్రం దాకా గట్టి ఉక్కే ఉండాలన్నది ఆయన పట్టు. ఆ కంపెనీ 1939 మోడళ్లకు గానీ లొంగలేదు. ఆయన భయం పూర్తిగా వెర్రిది కాదని నా అభిప్రాయం. ఒకే సర్క్యూట్‌లో ఎక్కడ లీకైనా నాలుగు బ్రేకులూ పోతాయి. ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి అని మాస్టర్ సిలిండరును రెండు గదులుగా చేయడం అమెరికా బండ్లలో మామూలయ్యింది 1967లో.

ఆయిల్ వచ్చాక వెనక డ్రమ్ము ఎంత తెలివిమీరిందో చూడాలంటే పాత అమెరికన్ పికప్ డ్రమ్ము ఒకటి విప్పాలి. లోపల రెండు షూలు. చూడగానే కవల పిల్లల్లా ఉంటాయి, పరకాయిస్తే ముందువైపు షూ లైనరు పొట్టి, వెనకవైపుది పొడుగు. కొత్త మెకానిక్కులు ఇక్కడే బోల్తాపడి అటుదిటు బిగిస్తారు. పైన వీల్ సిలిండర్ రెండు షూలనూ తోస్తుంది. ముందుకు తిరుగుతున్న డ్రమ్ము ముందు షూను తనతో పాటు కిందికి ఈడ్చుకుపోతుంది. ఆ షూ అడుగు దేనికీ బిగించి లేదు, ఒక అడ్జస్టరు గుండా వెనక షూకు ఆని ఉంది. కాబట్టి ఈడ్చిన బలం మొత్తం వెనక షూను పైకి నెట్టి, పైనున్న మేకుకు అదిమి, డ్రమ్ముకు ఒత్తుతుంది. ఎక్కువ పని రెండోదే చేస్తుంది, అందుకే దానికి పొడుగు లైనరు. డ్రైవరు కాలు పెట్టే బలం కొంచెం, మిగతాది బండి వేగం నుంచే దొంగిలించిన బలం. తనను ఆపడానికి తన ఉరుకునే వాడుకునే యంత్రం!

ఆ అడ్జస్టరుది ఇంకో ముచ్చట. లైనర్లు అరిగేకొద్దీ సందు పెరుగుతుంది కదా. అప్పుడు బండి రివర్స్‌లో పోతూ బ్రేకు తొక్కినప్పుడు, వెనక షూ మేకు నుంచి కొంచెం కదిలి ఒక సన్నటి తీగను లాగుతుంది, తీగ ఒక లివరును, లివరు పళ్ల చక్రాన్ని ఒక పన్ను తిప్పుతుంది. సందు పూడుతుంది. డ్రైవరుకు తెలియనే తెలియదు. ఇంటి ముందు బండి వెనక్కి తీసుకున్నప్పుడల్లా లోపల ఒక చిన్న మెకానిక్కు తన పని చేసిపోతున్నట్టు.

ఇంత తెలివికీ ఒక వెల ఉంది. తన బలం తానే పెంచుకునే బ్రేకు, లైనరుకు కాస్త తడి తగిలినా తుప్పు తగిలినా ఒక్కసారిగా పట్టేస్తుంది. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు, బ్రేకు కొట్టగానే బరువంతా ముందుకు వాలి వెనక చక్రాలు తేలిపోతున్నప్పుడు, ఇది ప్రాణాంతకం. ముందు చక్రాలు జామైతే బండి తిన్నగా జారుతుంది. వెనకవి జామైతే వెనక భాగం ముందుకు రావాలని చూస్తుంది. వాన రోజుల్లో ఖాళీ పికప్ రోడ్డు మీద అడ్డం తిరిగి ఆగడానికి చాలాసార్లు ఇదే కారణం.

స్ప్రింగువైపు ఇంకో సాహసం జరిగింది, దాన్ని నేను చేత్తో తాకి చూశాను. డాలస్ దగ్గర మా స్నేహితుడి ఇంటి పక్కన ఒకాయన 1966 షెవర్లే సి-10ను ఇంటి ముందు విప్పుకుని కూర్చున్నాడు. అట్ట పరిచి కింద పడుకోమన్నాడు. పడుకుంటే కమాన్ కట్టలు లేవు! 1960లోనే షెవర్లే తన అరటన్ను పికప్‌ల వెనక చుట్ట స్ప్రింగులు పెట్టింది. చుట్ట స్ప్రింగు బరువు మాత్రమే మోస్తుంది, ఇరుసును పట్టుకోలేదు. అందుకని రెండు పొడుగాటి ఉక్కు చేతులు ఇరుసు నుంచి మొదలై, బండి మధ్యకు దగ్గరవుతూ, ముందున్న అడ్డకమ్మీకి బుష్‌లతో చేరాయి. ఇరుసు ఆ చేతులకు యూ బోల్టులతో కదలకుండా బిగించి ఉంది. నా బుర్రకు ఇక్కడ తట్టింది: ఇంత గట్టిగా బిగిస్తే ఒక చక్రం గుంతలో దిగినప్పుడు ఎలా? రెండు చేతులూ ఇరుసూ కలిసి ఒక గట్టి త్రికోణం అయిపోయింది కదా, ఏదో ఒకటి విరగాలి.

చేతిని తడిమితే జవాబు దొరికింది. అది గొట్టం కాదు. రెండు రేకు కాలువలను వీపులు కలిపి అతికించిన ఐ ఆకారం. ఆ ఆకారాన్ని పైకీ కిందికీ వంచడం కష్టం, మెలితిప్పడం సులువు. గొట్టం మెలిపడదు, ఇది పడుతుంది. బండిని నెట్టే బలానికి, బ్రేకు బలానికి అది ఉక్కులా నిలుస్తుంది. ఒక చక్రం లేచినప్పుడు మాత్రం తానే మెలితిరిగి దారిస్తుంది. కీలు పెట్టాల్సిన చోట కీలు లేకుండా, ఆకారంతోనే కీలు పని చేయించుకున్నారు. పక్కలకు జారకుండా ఒక్క రాడ్డు, ఛాసిస్ నుంచి ఇరుసుకు. అంతే. ఈ అమరిక ఎంత బాగా కుదిరిందంటే అమెరికా స్టాక్ కార్ రేసులవాళ్లు దాన్ని తమ కార్లలో పెట్టుకున్నారు. గంటకు 300 కిలోమీటర్ల పైన పరుగెత్తే నాస్కార్ కప్ సిరీస్ కార్ల వెనక 2021 సీజన్ దాకా ఉన్నది ఈ పికప్ చేతుల వంశమే. రేసు కారు నుంచి మామూలు బండికి సాంకేతికత దిగడం అందరూ చెప్పేది, గడ్డి మోపులు మోసే బండి నుంచి రేసు కారుకు ఎక్కిన కథ ఇది.

అయినా 1973లో షెవర్లే మళ్లీ కమాన్ కట్టలకే తిరిగిపోయింది. చుట్ట స్ప్రింగు బరువును ఛాసిస్ మీద ఒకే చోట పొడుస్తుంది, కట్ట దాన్ని ముందు వెనకలుగా రెండు చోట్లకు పంచుతుంది. నిండు బండికి కట్టే మంచిది. ఖాళీ బండికి చుట్ట మంచిది. లెక్క మళ్లీ మొదటికి.

స్ప్రింగు, బ్రేకు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నది ఒక వాల్వు దగ్గర. నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు కూడా అదే. వెనక చక్రాలకు వెళ్లే బ్రేకు ఆయిల్ ఒత్తిడిని ఒక హద్దు దాటాక తగ్గించే వాల్వు చాలాకాలంగా ఉంది. దాని హద్దు ఎక్కడ పెట్టాలి? ఖాళీ బండికి సరిపెడితే నిండు బండి వెనక బ్రేకులు ఉత్తుత్తివవుతాయి. నిండు బండికి పెడితే ఖాళీ బండి అడ్డం తిరుగుతుంది. అప్పుడు ఎవరికో వెలిగింది: తొట్టిలో ఎంత బరువుందో బండికి ముందే తెలుసు, కట్ట ఎంత దిగిందో అంత. వాల్వును ఛాసిస్‌కు బిగించి, దాని చేతిని ఒక రాడ్డుతోనో స్ప్రింగుతోనో ఇరుసుకు కలిపారు. లోడు పడి తొట్టి కిందికి దిగితే వాల్వుకు ఇరుసు దగ్గరవుతుంది, రాడ్డు వాల్వు చేతిని తోస్తుంది, వెనకకు ఒత్తిడి ఎక్కువ పోతుంది. లోడు దించితే తొట్టి లేస్తుంది, ఒత్తిడి తగ్గుతుంది. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. టయోటా పికప్‌లలో దీనికి ఇంకో తెలివి కలిపారు: ముందు బ్రేకుల సర్క్యూట్ ఎక్కడైనా పోతే వాల్వు పక్కకు తప్పుకుని పూర్తి ఒత్తిడిని వెనక చక్రాలకు వదిలేస్తుంది. ఆపదలో నియమం పట్టుకుని వేలాడదు.

మన పికప్‌లలోనూ ఈ వాల్వు వచ్చింది. అది ఉందని మాకు తెలిసిన తీరు మాత్రం గొప్పది కాదు. బాబాయి కొత్త బండి కొన్న ఏడాదికి, మిర్చి సీజనులో లోడు ఎక్కువవుతోందని ఒక షెడ్డులో చెరో కట్టకూ అదనపు పట్టీ వేయించాడు. బండి వెనక నాలుగు వేళ్లు లేచింది. ఎంత వేసినా చతికిలపడలేదు, ఆయన మురిసిపోయాడు. ఆ తరవాత ముందు బ్రేకు ప్యాడ్లు ఆరు నెలలకే అరిగిపోయాయి. మార్చారు. మళ్లీ అరిగాయి. లోడుతో దిగుడులో బ్రేకు వేస్తే ముందు చక్రాల నుంచి కాలిన వాసన. ప్యాడ్లు నకిలీవని ఒకరు, డ్రైవింగు బాగాలేదని ఇంకొకరు. చివరికి వేరే ఊళ్లో ఒక ముసలి మెకానిక్కు బండి కిందికి దూరి, ఇరుసు పక్కనున్న సన్నటి రాడ్డు పట్టుకుని ఊపి, బయటికొచ్చి బాబాయిని అడిగాడు.

"పట్టీలు ఎక్కించారా పెద్దాయనా?"

"ఎక్కించాం. లోడు ఆగాలి గదా?"

"లోడు ఆగింది. బండి ఆగట్లా. మీరు ఇరవై అయిదు టిక్కీలేసినా ఈ రాడ్డుకి ఐదే కనపడతన్నయ్."

అంతకన్నా బాగా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. కట్ట దిగితేనే వాల్వుకు బరువు తెలిసేది. కట్టను మొండిదాన్ని చేసి మేము వాల్వు కళ్లకు గంతలు కట్టాం. నిండు బండికి ఖాళీ బండి బ్రేకులు పడుతున్నాయి, ముందు చక్రాలు ఒంటరిగా చస్తున్నాయి. అమెరికాలో బండిని ఎత్తుగా చేసుకునే కుర్రాళ్లకూ ఇదే జరుగుతుంది. తెలిసినవాళ్లు రాడ్డునూ అంతమేరా సవరించుకుంటారు.

రాడ్డు చేసిన పనిని తరవాత ఎలక్ట్రానిక్స్ అందుకున్నాయి. 1987లో ఫోర్డ్ ఎఫ్-150 కొన్న ప్రతివాడికీ వెనక చక్రాలకు యాంటీలాక్ బ్రేకు బండితోనే వచ్చింది. అందులోని పొదుపు నాకు నచ్చుతుంది. రెండు చక్రాలకు రెండు సెన్సర్లు పెట్టలేదు. డిఫరెన్షియల్ లోపల క్రౌన్ చక్రం వేగం ఎప్పుడూ రెండు చక్రాల వేగాల సగటే కాబట్టి, అక్కడ ఒకే ఒక్క సెన్సరు. వేగం ఉన్నట్టుండి పడిపోతోందంటే వెనక పట్టేయబోతోందని అర్థం. ఒకే వాల్వు రెండు వెనక చక్రాల ఒత్తిడినీ కలిపి వదిలి మళ్లీ పట్టుకుంటుంది. మరుసటి ఏడాది జనరల్ మోటార్స్ పికప్‌లకూ ఇలాంటిదే వచ్చింది. ముందు చక్రాలను వదిలేసి వెనకవాటికే ఎందుకు అన్నవాళ్లకు జవాబు పైన చెప్పిందే: పికప్‌కు ప్రాణగండం వెనక. ఆ తరవాత నాలుగు చక్రాలకూ సెన్సర్లొచ్చాయి, ఏ చక్రం ఎంత జారుతోందో చూసి ఒత్తిడి పంచే పద్ధతి వచ్చింది. 2012 మోడళ్ల నాటికి అమెరికాలో తేలికపాటి బండ్లన్నిటికీ స్టెబిలిటీ కంట్రోల్ చట్టమైంది. సన్నటి రాడ్డు చాలా బండ్ల కింద నుంచి మాయమైంది. ఎలక్ట్రానిక్స్‌కు పట్టీ ఎక్కించినా ఇబ్బంది లేదు, అవి కట్టను కాదు, చక్రం జారుడును చూస్తాయి. మంచిదే. చేత్తో ఊపి రోగం చెప్పే ముసలాయనకు మాత్రం పని తగ్గింది.

డ్రమ్ముల స్థానంలో డిస్కు బ్రేకులు ముందు చక్రాలకు తొందరగానే వచ్చాయి. షెవర్లే 1971లో పికప్‌లన్నిటికీ ముందు డిస్కులు ఇచ్చింది. వెనక మాత్రం డ్రమ్ము ఊరికే చోటు వదల్లేదు. వేడెక్కితే డ్రమ్ము వెడల్పై షూకు దూరమవుతుంది, డిస్కు మందమై ప్యాడుకు దగ్గరవుతుంది, ఘాట్ రోడ్డులో ఈ తేడా తెలుస్తుంది. కానీ వెనక చక్రం మీద ముందు చక్రాలు చిమ్మే బురద, ఇసుక పడతాయి. డ్రమ్ము మూసి ఉన్న పెట్టె. 1999 సిల్వరాడోలో నాలుగు డిస్కులు పెట్టిన షెవర్లే, 2005లో అరటన్ను బండ్లలో కొన్నిటికి వెనక మళ్లీ డ్రమ్ములకు పోయింది. పార్కింగ్ బ్రేకు సంగతి ఇంకా తమాషా. నిలిపిన బండిని పట్టి ఉంచడంలో డ్రమ్ముకు సాటి లేదు కాబట్టి, వెనక డిస్కులున్న చాలా పికప్‌లలో డిస్కు మధ్యలోని టోపీ లోపలే ఒక బుల్లి డ్రమ్ము, రెండు బుల్లి షూలు దాచారు.

చుట్ట స్ప్రింగులు ఈసారి నిలబడేందుకు తిరిగొచ్చాయి. 2009 డాడ్జ్ రామ్ 1500 వెనక ఐదు లింకులతో చుట్టలు పెట్టింది, 2013లో గాలి సంచులు కూడా ఇచ్చింది. గాలి సంచి నిండు-ఖాళీ లెక్కకు నేరుగా జవాబు: లోడు పడితే గాలి నింపుకుని మళ్లీ అదే ఎత్తుకు లేస్తుంది. 2022 టయోటా టండ్రా, 2024 టకోమాలో ఎక్కువ రకాలు చుట్టలకు మారాయి. ఫోర్డ్ కరెంటు పికప్ లైట్నింగ్‌కు ఇరుసే లేదు, చక్రాలు దేనికదే కదులుతాయి. కానీ బరువు మోసే రామ్ 3500 కింద ఇప్పటికీ కట్టలే. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు తయారుచేస్తున్న డి-మాక్స్ పికప్‌ల కిందా కట్టలు, వెనక డ్రమ్ములే. అమెరికాలో పికప్ చాలామందికి కారు. ఇక్కడ అది టిక్కీలు, మేకలు, సిమెంటు మోసి సాయంత్రానికి కిస్తీ కట్టాలి.

బాబాయి బండికి ఆ అదనపు పట్టీలు తీయించేశాం. ముందు ప్యాడ్లు ఆ తరవాత రెండేళ్లు వచ్చాయి. తీసేసిన పట్టీల్లో ఒకటి షెడ్డులోనే వదిలేశాడు. రెండోదాన్ని ఇంటికి తెచ్చి కమ్మరికి ఇస్తే, ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి కంప కొట్టే కత్తి చేసిచ్చాడు. పిడి దగ్గర సెంటర్ బోల్టు బెజ్జంలో సగం ఇంకా అలాగే ఉంది, తాడు వేసి గోడకు తగిలించడానికి.